కొలువు కబుర్లు: ఇంటర్వ్యూకి ముందే మిమ్మల్ని చూసేస్తున్నారా?

ఈ మధ్య జీతాలు, రాజీనామాల గురించి కంటే ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "మన ఫేస్‌బుక్ చూస్తారా మేడమ్?" చూస్తారు. అందరూ కాదు, ప్రతిసారీ కాదు. ఎవరు, ఎప్పుడు, దేనికోసం చూస్తారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేశాను. కొన్నిటిని కుదించాను, అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై ఆరేళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. కంపెనీ మారదామని చూస్తుంటే మూడు చోట్ల చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఒకచోట హెచ్‌ఆర్ "లోపల వేరే నిర్ణయం తీసుకున్నాం" అన్నారు, అంతే. కాలేజీ రోజుల్లో నేను ఒక హీరోకి వీరాభిమానిని. ట్విట్టర్‌లో అవతలి హీరో ఫ్యాన్స్‌తో రోజూ గొడవే. రాయకూడని మాటలు కూడా రాశాను, అదీ సొంత పేరుతో. అవి చూసే నన్ను పక్కన పెడుతున్నారేమోనని నిద్ర పట్టడం లేదు. అన్ని అకౌంట్లూ డిలీట్ చేసేయమంటారా?

జవాబు: వద్దు బాబూ. నిద్రపట్టని రాత్రి అసలే చెయ్యొద్దు.

చివరి రౌండ్‌లో ఆగిపోవడానికి కారణాలు చాలావరకు చప్పగా ఉంటాయి. బడ్జెట్ ఆగిపోతుంది. ఆ సీటు లోపలి మనిషికే ఇచ్చేస్తారు. మీకంటే నెల ముందు చేరగలిగినవాడు దొరుకుతాడు. "లోపల వేరే నిర్ణయం" అన్న ముక్క, మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే రిక్రూటర్‌గా ఉన్నప్పుడు నేనూ చాలామందికి చెప్పాను. ఎక్కువసార్లు అది ఉన్నది ఉన్నట్టు నిజమే. కాబట్టి మీ పాత ట్వీట్లే కారణమని ఇప్పుడే తీర్మానించుకోకండి.

అసలు ఎలా చూస్తారో చెబుతాను. వందల్లో రెజ్యూమేలు వచ్చిపడినప్పుడు ఎవరి పేరూ ఎవరూ వెతకరు, అంత తీరిక ఎక్కడిది? జాబితా ఐదారుగురికి దిగాక, ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి, మీ కాబోయే మేనేజర్ తన ఫోన్‌లో మీ పేరు కొడతాడు. అతన్ని చూడమని ఎవరూ చెప్పరు, ఊరికే కుతూహలం. మొదటి పేజీ దాటి వెళ్లడు. ఫోటో చూస్తాడు. లింక్డ్‌ఇన్ తెరిచి, అక్కడి తేదీలకూ రెజ్యూమేలోని తేదీలకూ పొంతన లేకపోతే ఆగి మళ్లీ చూస్తాడు. నేను చూసినంతలో బూతుల కంటే ఈ తేదీల తేడా వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడ్డారు.

రెండోది ఆఫర్ చేతికొచ్చే సమయంలో జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ఇది చాలా సంస్థలకు బయటి ఏజెన్సీలు చేసిపెడతాయి. చదువు, పాత ఉద్యోగం, చిరునామా, కేసులు, ఇవి మామూలే. కొన్ని సంస్థలు సోషల్ మీడియా తనిఖీ కూడా చేయిస్తాయి. వాళ్ల దగ్గర వెతకాల్సినవాటి జాబితా ఉంటుంది: బెదిరింపులు, ఒక వర్గంమీద ద్వేషం, లైంగికంగా అసభ్యమైన రాతలు, మత్తుమందులు, పాత కంపెనీ రహస్యాలు బయటపెట్టడం.

మేనేజరైనా ఏజెన్సీ అయినా మీ మంచితనాన్ని వెతుక్కుంటూ రారు. "ఈ మనిషివల్ల రేపు నాకు తలనొప్పి ఉంటుందా?" అని చూస్తారు, అంతే. ఆ కళ్లతో మీ అకౌంట్ చూడండి. హీరో కోసం కొట్టుకోవడం తలనొప్పి కాదు. చూసేవాడు నవ్వుకుంటాడు, వాడూ ఎవరో ఒకరి ఫ్యానే అయి ఉంటాడు. ఆ గొడవలో ఎవరి మతాన్నో, రంగునో, ఇంట్లో ఆడవాళ్లనో తిట్టి ఉంటే అది వేరే సంగతి. నవ్వుకోవడం అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు పని. ముందు బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరవండి, లేకపోతే గూగుల్ మీకు నచ్చేవే ముందు చూపిస్తుంది. మీ పేరు ఇంగ్లీషులో, తెలుగులో, ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా వెతకండి. ఫోన్ నంబరుతో, పాత ఈమెయిల్‌తో వెతకండి. ముఖ్యంగా మీ పాత యూజర్‌నేమ్‌తో వెతకండి. కాలేజీలో పెట్టుకున్న ఆ సరదా పేరునే గేమ్‌లో, రెడిట్‌లో, ఇన్‌స్టాలో వాడేసి, ఇప్పుడు రెజ్యూమే మీద ఈమెయిల్‌లోనూ అదే పెట్టేవాళ్లు చాలామంది. ఆ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతావన్నీ బయటికొస్తాయి. రెజ్యూమేకి వేరే ఈమెయిల్ పెట్టుకోండి.

ట్విట్టర్‌లో, అదే ఇప్పటి ఎక్స్‌లో, డిలీట్ చేసేముందు సెట్టింగ్స్‌లోంచి మీ డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు ఏం రాశారో మీ దగ్గర ఉండాలి. ఆ తర్వాత సెర్చ్‌లో ఇంగ్లీషులో "ఫ్రమ్" అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ యూజర్‌నేమ్, పక్కన ఒక తిట్టు పదం ఇస్తే, ఆ మాట వాడిన మీ పోస్టులు బయటపడతాయి. మీకు అలవాటైన తిట్లు మీకే తెలుసు కదా, ఒక్కొక్కటీ వెతికి తీసేయండి. ఇతరులకిచ్చిన జవాబులు ముందు చూడండి, మనుషులు సొంత పోస్టుల్లో కంటే అక్కడే ఎక్కువ నోరు జారతారు. లైకుల గురించి అంత కంగారు అక్కర్లేదు. 2024 జూన్ నుంచి ఎక్స్‌లో మన లైకుల జాబితా ఇతరులకు కనిపించడం లేదు. లింక్డ్‌ఇన్‌లో మాత్రం మీరు ఏ పోస్టుకి స్పందించారో, ఎక్కడ ఏం కామెంట్ పెట్టారో మీ ప్రొఫైల్‌లోనే యాక్టివిటీ కింద కనిపిస్తుంది. అది చాలామందికి తట్టదు.

ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు పరిమితం చేసే సెట్టింగ్ ఉంది, "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అంటారు. కానీ వేరేవాళ్ల పబ్లిక్ పోస్టుల కింద మీరు పెట్టిన కామెంట్లను అది ముట్టుకోదు. వాటికి యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్లాల్సిందే. ఇన్‌స్టా అకౌంట్ ప్రైవేట్ చేసినా అంతే. మీ ఫోటో, పేరు, బయో కనిపిస్తూనే ఉంటాయి, పబ్లిక్ అకౌంట్ల కింద మీరు రాసిన కామెంట్లూ ఉంటాయి. ఇంకా గూగుల్ మ్యాప్స్‌లో రాసిన రివ్యూలు, యూట్యూబ్ కామెంట్లు! కోపంలో రాసిన రివ్యూ మీ పేరుతోనే అక్కడ కూర్చుని ఉంటుంది, మీరు మర్చిపోయి ఉంటారు.

తీసేశాక కూడా కొన్నాళ్లు గూగుల్‌లో పాత ముక్కలు కనబడొచ్చు. దానికి "రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్" అని గూగుల్‌వాళ్లదే ఉచిత సదుపాయం ఉంది. పేజీ పోయిందనో మారిందనో అక్కడ చెబితే చూసి సరిచేస్తారు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే దానికి మందు లేదు.

అలాంటిది ఎవరైనా మీ ముందు పెడితే "అది నేను కాదు", "అకౌంట్ హ్యాక్ అయింది" అనకండి. "కాలేజీలో రాశాను, తప్పు, తర్వాత నేనే తీసేశాను" అని ఆగిపోండి. సినిమా దర్శకుడు జేమ్స్ గన్‌ని ఎన్నో ఏళ్లనాటి ట్వీట్లు బయటికొచ్చాయని 2018లో డిస్నీ తీసేసింది. ఆయన బుకాయించలేదు, అవి తనవేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. 2019లో వాళ్లే మళ్లీ పిలిచారు. మనకు అంత పలుకుబడి లేదు నిజమే. కానీ ఇంటర్వ్యూ గదిలో అబద్ధం దొరికిపోతే మాత్రం పాత ట్వీటు కంటే అదే పెద్ద సమస్య అవుతుంది.

ప్రశ్న: నాకు ఏ సోషల్ మీడియా అకౌంటూ లేదు. ఇష్టం లేదు. ఇది మైనస్ అవుతుందా?

జవాబు: మార్కెటింగ్, జర్నలిజం, రిక్రూటింగ్ లాంటి రంగాలైతే కొంచెం అవుతుంది. మిగతా చోట్ల ఒక్క లింక్డ్‌ఇన్ పేజీ, అదీ రెజ్యూమేతో సరిపోయే తేదీలతో ఉంటే చాలు. రోజూ పోస్టులు పెట్టక్కర్లేదు. "ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్న పది పాఠాలు" అస్సలు అక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, నేను అకౌంటెంట్‌ని. నా పేరు, ఇంటిపేరు రెండూ అచ్చంగా ఉన్న ఇంకొకావిడ చీటింగ్ కేసులో అరెస్టయింది. గూగుల్‌లో నా పేరు కొడితే మొదటి పేజీ నిండా ఆవిడ వార్తలే. మా వృత్తిలో ఇది ఎంత ఘోరమో మీకు తెలుసు. ఒక ఏజెన్సీ వాళ్లు డబ్బు కడితే ఆ వార్తలు తీయించేస్తామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండమ్మా. ఎవరో రాసిన నిజమైన వార్తను ఆ ఏజెన్సీ తీయించలేదు. కొత్త పేజీలు పుట్టించి పాతవాటిని కిందికి నెట్టే ప్రయత్నం చేస్తారు. అది మీరే చేసుకోవచ్చు.

"మరిచిపోయే హక్కు" గురించి మీరు వినే ఉంటారు. స్పెయిన్‌లో ఒకాయన బాకీల కోసం ఆస్తి వేలం వేస్తున్నట్టు 1998లో ఒక పత్రికలో ప్రకటన వచ్చింది. బాకీ తీరిపోయి ఏళ్లు గడిచినా పేరు వెతికితే అదే వస్తోందని ఆయన పోరాడితే, 2014 మే 13న ఐరోపా న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. పత్రికలో పేజీ అలాగే ఉంటుంది. కాలం చెల్లిన అలాంటి లింకుల్ని పేరుతో వెతికినప్పుడు చూపించకుండా తీసేయమని సెర్చ్ ఇంజిన్‌ను అడగొచ్చని ఆ తీర్పు. అలాంటి హక్కు అన్ని దేశాల్లో లేదు. ఉన్నచోట కూడా అది తన గురించిన పాత సమాచారానికి పనికొస్తుంది. మీ ఇబ్బంది వేరు, ఆ వార్త మీ గురించి కాదు, పైగా తాజాది.

కాబట్టి ముందే చెప్పేయండి. దరఖాస్తు మెయిల్ చివర ఒక్క వాక్యం: "నా పేరుతో ఉన్న మరొకరి గురించి ఇంటర్నెట్‌లో వార్తలున్నాయి, ఆమెకూ నాకూ సంబంధం లేదు, నా ప్రొఫైల్ లింకు ఇదీ." సంజాయిషీలా కాకుండా సమాచారంలా రాయండి. నేను రిక్రూటర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి మెయిల్ ఒకటి వచ్చింది. చదివి "జాగ్రత్త గల మనిషి" అనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు.

ఇక పేరు. పొడి అక్షరాలతో కాకుండా పూర్తి ఇంటిపేరు, మధ్య పేరు ఉంటే అదీ కలిపి ఒకే రూపంలో రాయడం మొదలుపెట్టండి. రెజ్యూమే, ఈమెయిల్, లింక్డ్‌ఇన్, వృత్తి సంఘం సభ్యత్వం, అన్నిచోట్లా అదే. లింక్డ్‌ఇన్‌లో స్పష్టమైన ఫోటో పెట్టి, లింకు చివర ఉండే అంకెలు తీసేసి మీ పూర్తి పేరు వచ్చేలా మార్చుకోండి. పేరు వెతికినప్పుడు లింక్డ్‌ఇన్ పేజీ సాధారణంగా పైనే వస్తుంది. రెజ్యూమేలో ఉన్న రూపంతోనే కదా వాళ్లూ వెతికేది. ఆ రూపంలో వెతికితే మీరే కనబడాలి.

ప్రశ్న: పాత సంస్థ నాలుగు నెలల జీతం ఎగ్గొట్టింది. అడిగి అడిగి విసిగిపోయి లింక్డ్‌ఇన్‌లో అంతా రాశాను, యజమాని పేరుతో సహా. చాలామంది షేర్ చేశారు, నాలాంటివాళ్లు ఇంకో ఏడుగురు బయటికొచ్చారు. కానీ మొన్న ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వుతూనే "మామీద కూడా రాస్తారా?" అని అడిగారు. ఉద్యోగం రాలేదు. పోస్టు తీసేయమని మా వారు పోరు పెడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: మీ వారి భయం అర్థమవుతోంది. కానీ నేను మీ పక్షమే.

ముందు చెడు చెప్పేస్తాను. అలాంటి పోస్టు వల్ల కొన్ని తలుపులు మూసుకుంటాయి. చదివేవాళ్లు న్యాయం ఎవరిదని ఆలోచించరు. మొదటి ఉత్తరంలో చెప్పిన తలనొప్పి లెక్క వేసుకుని పక్కకు జరిగిపోతారు. అది అన్యాయమే, కానీ ఉన్నదే. కాకపోతే ఆ పోస్టువల్ల ఏడుగురు కలిశారు. జీతం బాకీ ఫిర్యాదు ఒక్కరు చేయడానికీ ఎనిమిదిమంది చేయడానికీ చాలా తేడా ఉంది. ఆ ఉపయోగాన్ని తక్కువ చేసి చూడకండి.

పోస్టు ఉంచండి, కానీ మరోసారి ఆఫీసు కాగితం చదివినట్టు చదవండి. జీతం ఏ నెల నుంచి ఏ నెల దాకా రాలేదు, ఎన్నిసార్లు రాతపూర్వకంగా అడిగారు, ఏం జవాబొచ్చింది, ఇవి ఉండాలి. "దొంగ", "మోసగాడు" లాంటి మాటలు, ఆయన కుటుంబం ప్రస్తావన, క్లయింట్ల పేర్లు, లోపలి లెక్కలు తీసేయండి. పరువునష్టం దావాకు దారి తీసేది ఆ మాటలే, నెలల లెక్క కాదు. రుజువులన్నీ దగ్గర పెట్టుకోండి. సంస్థ వదిలేటప్పుడు ఏదైనా ఒప్పందంమీద సంతకం పెట్టి ఉంటే, "సంస్థ గురించి చెడుగా మాట్లాడను" అన్న షరతు ఉందేమో చూసుకోండి. ఉంటే ఒక్క అడుగు కూడా లాయరును అడగకుండా వేయొద్దు.

ఇక ఆ నవ్వుతూ అడిగిన ప్రశ్న. ఈసారి ఎవరైనా అడిగితే ఇలా చెప్పి చూడండి: "జీతం రాని నాలుగు నెలలు లోపలే అడిగాను. వేరే దారి లేక రాశాను. జీతం ఇచ్చేచోట ఆ అవసరం రాదు కదండీ." మీరూ నవ్వుతూనే చెప్పండి. దానికి ఇబ్బంది పడే యజమాని దగ్గర చేరకపోతేనే మంచిది. అంత తెగింపు లేని నెలలు కూడా ఉంటాయి, ఇల్లు గడవాలి. అప్పుడు కొన్నాళ్లు పోస్టును పక్కన పెట్టడం పిరికితనమేమీ కాదు. కాపీ మీ దగ్గరుంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో ఉన్నాడు. వాట్సాప్ గ్రూపుల్లో అసభ్యమైన జోకులు పంపుకుంటారు. "అది ప్రైవేట్ గ్రూప్ నాన్నా, ఎవరూ చూడరు" అంటాడు. నిజమేనా?

జవాబు: 2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన విద్యార్థులు కొందరు ఫేస్‌బుక్‌లో ప్రైవేట్ గ్రూపు పెట్టుకుని, పిల్లల మీద, జాతుల మీద నీచమైన మీమ్స్ పంపుకున్నారు. కనీసం పదిమంది సీట్లు పోయాయి. తాళం వేసిన గ్రూపు అది, అయినా విషయం బయటికి పొక్కింది. గ్రూపులో ఎంతమంది ఉంటే స్క్రీన్‌షాట్ తీసే చేతులు అన్ని ఉంటాయని మీవాడికి చెప్పండి. మీరు చెబితే వినకపోతే వాడికంటే రెండేళ్లు పెద్దవాళ్లెవరితోనైనా చెప్పించండి. ఈ వయసులో తండ్రి మాట కంటే అది ఎక్కుతుంది.

ప్రశ్న: నాది పన్నెండుమంది పనిచేసే చిన్న సంస్థ. హెచ్‌ఆర్ లేదు, అన్నీ నేనే చూసుకుంటాను. అభ్యర్థుల ఇన్‌స్టా చూస్తే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుందని నా నమ్మకం. ఇంటర్వ్యూలోనే ఫోన్ తీసి అకౌంట్ చూపించమని అడగొచ్చా? ఒకమ్మాయిని ఎంపిక చేశాను గానీ అకౌంట్ నిండా ట్రెక్కింగ్ ఫోటోలే. సెలవులు ఎక్కువ పెడుతుందేమోనని ఆగాను.

జవాబు: ఈ ఉత్తరం వచ్చినందుకు సంతోషం. ఇన్నాళ్లూ అటువైపువాళ్లే రాస్తున్నారు.

ఫోన్ చూపించమని అడగకండి. 2012లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం ఉద్యోగుల, అభ్యర్థుల పాస్‌వర్డులు అడగకూడదని చట్టమే చేసింది, ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మీరున్నచోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఆ ప్రశ్న విన్న మంచి అభ్యర్థి లేచి వెళ్లిపోతాడు. అవసరంలో ఉన్నవాడు తలొంచుకుని చూపిస్తాడు. దానివల్ల మీకు తెలిసేది అతనికి ఉద్యోగం ఎంత అవసరమో, అంతే.

మనిషి తెలిసిపోతాడన్న మీ నమ్మకాన్ని పరీక్షించి చూశారు కూడా. అమెరికాలో చదువు పూర్తిచేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థుల ఫేస్‌బుక్ పేజీలను రిక్రూటర్లకు చూపించి మార్కులు వేయించారు. తర్వాత వాళ్లు ఉద్యోగాల్లో చేరాక పైఅధికారుల్ని అడిగి పనితీరు తెలుసుకున్నారు. రిక్రూటర్ల మార్కులకూ పనితీరుకూ సంబంధమే కనిపించలేదు. పైగా ఆ మార్కులు ఆడవాళ్లకూ తెల్లవాళ్లకూ కాస్త మొగ్గు చూపాయి. ఆ అధ్యయనం 2016లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో అచ్చయింది. రోజూ అదే పని చేసే రిక్రూటర్లే అలా పొరబడ్డారు.

ఇంకో చిక్కుంది. అకౌంట్ తెరిచాక మీకు అక్కర్లేనివన్నీ కనిపిస్తాయి: ఆమె ఏ దేవుణ్ని మొక్కుతుంది, ఎవరికి ఓటేస్తుంది, కడుపుతో ఉందా, ఇంట్లో ఎవరికైనా జబ్బా. చూసినదాన్ని చూడనట్టు ఉండలేరు. రేపు కాదన్నప్పుడు కారణం అదేనని ఆమె అంటే మీ దగ్గర జవాబు ఉండదు. తప్పదనుకుంటే ఇంటర్వ్యూలన్నీ అయ్యాక, నిర్ణయంలో పాలుపంచుకోని మనిషితో చూపించండి. ఏం వెతకాలో రెండు మూడు ముక్కల్లో ముందే కాగితంమీద రాసివ్వండి, అభ్యర్థులందరికీ అదే కాగితం. ఏదైనా దొరికితే కాదనేముందు అభ్యర్థినే అడగండి. అకౌంట్ ఆమెది కాకపోవచ్చు.

బయట చూసేదేమైనా పనికొస్తుందంటే అది ఆ పనికి సంబంధించినదే. ఒకసారి ఒకతను రెజ్యూమేలో పెట్టిన యూజర్‌నేమ్ వెతికితే, స్ప్రెడ్‌షీట్లలో ఇరుక్కున్న అపరిచితులకు ఎంతో ఓపిగ్గా, అడుగు అడుగు చెబుతూ రాసిన జవాబులు దొరికాయి. అతన్ని శిక్షణ విభాగానికి తీసుకున్నాం. ఒక్క ఫోటో కూడా చూడలేదు.

ఇక ట్రెక్కింగ్ అమ్మాయి. ఆ ఫోటోల తేదీలు చూశారా? అన్నీ శని ఆదివారాలే అయి ఉండొచ్చు, ఐదేళ్లనాటివీ కావచ్చు. మీకు కావలసింది సెలవుల సంగతి అయితే "మా దగ్గర ఏడాదికి ఇన్ని సెలవులు, మీకు సరిపోతాయా?" అని నేరుగా అడగండి. ఇవాళే ఫోన్ చేయండి. ఈపాటికి ఆవిడకి వేరేచోట ఆఫర్ వచ్చేసి ఉండకపోతే.